కూనపులి వారి పాత పటం

మాడ్రిడ్ నుంచి వచ్చి పదిహేను రోజులైనా ఐలేష్ కుంచె ముట్టలేదు.

పని మానేశాడని కాదు. పొద్దున్నే వచ్చి గుడ్డకు సుద్ద పూసేవాడు, చింతగింజల జిగురు ఉడికించేవాడు, రంగులు నూరేవాడు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి మొరాయించేది. మనవాళ్ళంత తెలివితక్కువ వాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరైనా ఉన్నారా అని లోపల ఒకటే కుతకుత. గురువు మొహం చూస్తే ఆ మాట గొంతు దాటేది కాదు.

గురువు పేరు నకాశి వీరమల్లయ్య. చేర్యాలలో పటాలు వేసే మనిషి. డెబ్బై ఆరేళ్ళొచ్చినా పులి మీసం గీసేటప్పుడు ఆయన చెయ్యి వణికేది కాదు.

పటమంటే గోడకు తగిలించుకునే బొమ్మ కాదు. ముప్పై మూరల గుడ్డ. దాని మీద ఒక కులం పుట్టుక కథంతా పై నుంచి కిందికి వరసగా బొమ్మలై ఉంటుంది. కూనపులి వాళ్ళని కథ చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళు ఆ పటాన్ని భుజాన వేసుకుని బట్టలు నేసే సాలోళ్ళ ఊళ్ళు తిరుగుతారు. వాకిట్లో గుంజలు పాతి, పటం వేలాడదీసి, ఒక్కో బొమ్మా విప్పుతూ సాలోళ్ళ మూలపురుషుడు, పులినెక్కిన భావనారుషి, ఆయన భార్య భద్రావతి దేవి కథ పాడతారు. పటం పాతబడి రంగులు రాలిపోతే నకాశి ఇంటికి తెచ్చి, దాన్ని చూపించి కొత్తది వేయించుకుంటారు. కొత్తది తయారయ్యాక పాతదాన్ని ఇంటి పెద్ద పోయినట్టే ఏడ్చి, మొక్కి, గోదావరిలో కలిపేస్తారు.

ఐలేష్‌కు కడుపు మండేది అక్కడే.

అతను సాలె పిల్లవాడు. పదహారో ఏట వీరమల్లయ్య దగ్గర చేరాడు. పదిహేనేళ్ళ నుంచీ అదే అరుగు, అదే గురువు. డిగ్రీ చదివాడు కాబట్టి నాలుగు ఇంగ్లీషు ముక్కలొచ్చు. అందుకే మాడ్రిడ్‌లో చేతిపనుల ప్రదర్శనకు రమ్మని పిలుపొచ్చినప్పుడు గురువు అతన్నే పంపాడు.

"నా మోకాళ్ళు విమానం ఎక్కయ్ గని, నువ్వు పో బిడ్డా. ఆడోళ్ళు, మొగోళ్ళు, పెద్ద పెద్ద నకాశీలు ఉండి ఉంటరు ఆ దేశంల. ఆళ్ళ బొమ్మలు మంచిగ సూసి రా. వచ్చి నాకు చెప్పాలె," అన్నాడు.

ప్రదర్శన మధ్యాహ్నం నుంచి. పొద్దున పూట ఖాళీ. పక్క దుకాణంలో కుండలు పెట్టుకున్న ఇన్మా అనే ఆవిడ, "బొమ్మలేసేవాడివి, గోయాని చూడకుండా ఎట్లా పోతావు?" అని చెయ్యి పట్టుకుని పెద్ద మ్యూజియానికి తీసుకుపోయింది.

నిజం చెప్పాలంటే ఐలేష్ కొంచెం మిడిసిపాటుతోనే లోపలికి అడుగుపెట్టాడు. పదిహేనేళ్ళ చెయ్యి కదా. చూద్దాం, రెండు వందల ఏళ్ళ కిందటి వాడు ఏం వేశాడో అనుకున్నాడు.

మొదట గాలిపటాలు ఎగరేసేవాళ్ళు, నది ఒడ్డున కూర్చుని తినేవాళ్ళు. పెళ్ళిపందిరిలా కళకళలాడే రంగులు. బాగానే ఉన్నాయి అనుకున్నాడు. తర్వాత రాజుగారి సంసారమంతా నిలబడిన బొమ్మ. దూరం నుంచి చూస్తే ఒంటి నిండా బంగారు జరీ తళతళా మెరుస్తోంది. అది ఎట్లా నేశాడో చూద్దామని దగ్గరికి పోయాడు. దగ్గరికి పోతే జరీ లేదు, ఏమీ లేదు. నాలుగు మసక మరకలు, రెండు అడ్డ గీతలు.

"ఓరి నీ చెయ్యి బంగారం గాను!" అన్నాడు పైకే. కాపలా మనిషి తిరిగి చూసింది.

ఇంకో చోట తెల్ల చొక్కా మనిషి చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. ఎదురుగా తుపాకులు. కాల్చేవాళ్ళకు మొహాల్లేవు, అందరూ వీపులే. ఆ చొక్కా తెలుపు ఎట్లా తెచ్చాడో ఐలేష్‌కు అంతుపట్టలేదు. చేర్యాలలో గవ్వలు నూరి తెలుపు చేస్తారు. ఆ తెలుపు ఇట్లా అరవదు.

ఆ తర్వాత చీకటి బొమ్మల గది వచ్చింది. పళ్ళూడిన ముసలివాళ్ళు గంజి తాగుతున్నారు. నోళ్ళు తెరుచుకున్న గుంపు ఒకటి గుట్ట దిగి వస్తోంది. మూలగా ఒక కుక్క. కుక్కంటే తలకాయే. మిగిలిందంతా ఏదో మట్టిలోనో నీళ్ళలోనో మునిగిపోయి ఉంది. తల పైకెత్తి చూస్తోంది. పైన ఏమీ లేదు. ఉత్త పసుపు గోడ.

పక్కనున్న కాగితం చదివి ఇన్మా చెప్పింది. ముసలితనంలో, చెవులు వినపడని రోజుల్లో ఆయన ఇవన్నీ సొంత ఇంటి గోడల మీద వేసుకున్నాడట. ఆయన పోయిన చాన్నాళ్ళకు ఎవరో ఆ ఇల్లు కొని, గోడల మీది బొమ్మల్ని ఊడదీయించి గుడ్డకు ఎక్కించారట. ఆ ఇల్లు ఇప్పుడు లేదు.

గోడ మీది రంగును ఊడదీసి గుడ్డకెత్తడం! ఐలేష్‌కు ఒళ్ళు జలదరించింది. ఆ పని ఎంత కష్టమో పనివాడికే తెలుస్తుంది. వాళ్ళు ఆ పూనిక పూనకపోతే ఈ కుక్క ఏది? ఈ ముసలివాళ్ళేరి?

అప్పుడే గుర్తొచ్చింది లింబాద్రి పటం. చేర్యాలలో, గురువుగారి ఇంట్లో, దండెం మీద చుట్టి ఉంది. లింబాద్రి వీరమల్లయ్యకు గురువు. ఆయన చేతి పని ఈ లోకంలో ఇక అదొక్కటే మిగిలింది. కూనపులి ఓదెలు ఇంటి పటం. అరవై ఏళ్ళ కిందటిది. మాఘమాసంలో ఓదెలు దాన్ని తెచ్చి కొత్తది వేయమని ఇచ్చాడు. కొత్తది ముప్పాతిక అయిపోయింది. దసరా వెళ్ళగానే పాతది గోదావరి పాలు.

ఐలేష్ ఆ గదిలో నిలబడి భోరున ఏడ్చాడు. కుక్కను చూసి ఏడుస్తున్నాడనుకుని ఇన్మా వీపు నిమిరింది.

మిగిలిన రోజులన్నీ పొద్దున పూట గోయానే. నది దగ్గర చిన్న గుడి ఒకటుంది. దాని లోకప్పంతా ఆయన బొమ్మలే. మెడ నొప్పెట్టకుండా చూసేందుకు అద్దాలు పెట్టారు. పైన కటకటాల మీద జనం వంగి చూస్తున్నట్టు వేశాడు, మనం బాల్కనీలోంచి వంగి చూసినట్టే. కింద ఆయన సమాధి. తన బొమ్మల కిందే పడుకున్నాడు మహానుభావుడు. అన్నీ ఎంత భద్రంగా ఉన్నాయో, గాలి ఎంత తగలాలో, వెలుతురు ఎంత పడాలో కూడా లెక్కేనట. చూసిన కొద్దీ ఐలేష్‌కు మనవాళ్ళ మీద కోపం పెరిగింది.

పదహారో రోజున గురువే కదిపాడు. పొద్దు వాలింది. అరుగు మీద కూర్చుని కుంచెలు కడుగుతున్నారు.

"ఏంది బిడ్డా, పోయొచ్చిన కాడికెల్లి మూతి ముడుసుకున్నవ్? బొమ్మల ముచ్చట చెప్తనంటివి."

ఐలేష్ చెప్పాడు. తెల్ల చొక్కా చెప్పాడు, జరీ చెప్పాడు, కుక్క చెప్పాడు. వీరమల్లయ్య కుంచె పక్కన పెట్టి చిన్నపిల్లాడిలా వింటూ కూర్చున్నాడు.

"జరంత తలకాయనే ఏసి, మిగిలిందంత ఖాళీ ఇడిసిండా?"

"అవును తాతా."

"గుండె ధైర్యమున్నోడు. మనం ఇడువం. మనకు భయం. సందు కనవడితే ఓ చెట్టన్న ఏస్తం, పిట్టనన్న ఏస్తం." ఆయన నవ్వాడు. "ఎవలకోసం ఏసిండట అవి?"

"ఎవలకోసం గాదు. తన ఇంట్ల తనే ఏసుకున్నడు. ఎవలకు సూపెట్టలే."

"మరి బయటికెట్ల వచ్చినయ్?"

"ఊడదీసి గుడ్డకెత్తిన్రు."

"ఆయన్ని అడిగిన్రా?"

"ఆయన సచ్చిపోయి యాభై ఏండ్ల కాడికి వచ్చింది తాతా. ఎట్ల అడుగుతరు?"

"అవు," అన్నాడు వీరమల్లయ్య. పక్కన పెట్టిన కుంచె మళ్ళీ అందుకున్నాడు.

ఐలేష్ ఇక ఆగలేకపోయాడు.

"ఆళ్ళు గోడలు గీకి దాసుకుంటున్నరు. మనం చేతిలున్నది నీళ్ళల్ల పారేస్తున్నం. లింబాద్రి సారు చేతి పని ఇంకెక్కడన్న ఉన్నదా తాతా? ఆ పులి మొగం, ఆ భద్రావతి దేవి కండ్లు... రేపు ఎవడన్న అడిగితే ఏం సూపెడతం? గోదారి సూపెడదమా?"

పదిహేనేళ్ళలో గురువు ముందు గొంతు పెంచడం అదే మొదలు. వీరమల్లయ్యకు కోపం రాలేదు.

"ఆ పటానికి రంగులు నూరింది నేనే. పదహారేండ్లు నాకు. లింబాద్రి సారు అన్నం తినుకుంట గూడ దాని దిక్కే సూస్తుండె. నాకు మాత్రం కడుపుల లేదనుకుంటున్నవా?"

"మరి ఆపు తాతా. నువ్వు చెప్తే ఓదెలన్న ఇంటడు."

"ఇంటడు. అందుకే చెప్ప," అన్నాడు. లేచి లోపలికి పోయాడు.

దసరా వెళ్ళిన మూడో రోజు ఓదెలు వచ్చాడు. యాభై దాటిన మనిషి, గంభీరమైన గొంతు. భార్యా, డప్పు కొట్టే ఇద్దరు చుట్టాలూ వెంట ఉన్నారు. పాత పటాన్ని సాగనంపే ముందు దానితో ఒక్కసారి కథంతా చెప్పాలి. వాళ్ళింటి ఆచారం. గురువుగారి వాకిట్లోనే గుంజలు పాతారు.

ఆ రోజు ఓదెలు చెప్పిన కథ చేర్యాలలో విన్నవాళ్ళు ఇప్పటికీ మర్చిపోరు. కర్రతో ఒక్కో బొమ్మనూ తాకుతాడు, పాడతాడు, చూడకుండానే తర్వాతి బొమ్మ దగ్గరికి పోతాడు. ఎక్కడ రంగు రాలిందో అక్కడ గొంతు పెంచుతాడు. "మా నాయిన ఈడ గిట్లనే నిలవడి చెప్తుండె," అని మధ్యలో ఆగి కళ్ళు తుడుచుకున్నాడు. చివరి బొమ్మ అయ్యాక పటాన్ని చుట్టి, కావలించుకుని, వీరమల్లయ్య చేతుల్లో పెట్టాడు.

పటాన్ని తెల్ల గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టేసి, పసుపు పూస్తారు. కుట్టాక మళ్ళీ విప్పరు. పోయినవాళ్ళ మొహం మీది గుడ్డ తీయకూడదన్నట్టే అది కూడా. కుట్టే పని శిష్యుడిది.

ఐలేష్ లోపలి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేశాడు. వేరే పటం కోసం సుద్ద పూసి ఎండబెట్టిన ఉత్త గుడ్డ ఒకటి మూలన చుట్టి ఉంది. అదే పొడుగు, అదే మందం. ఎవరికేం నష్టం అని తనకు తాను చెప్పుకున్నాడు. ఓదెలన్న మొక్కు మొక్కులాగే ఉంటుంది, గోదావరికి ఏ గుడ్డయితేనేం, ఒక మహానుభావుడి పని బతుకుతుంది అనుకున్నాడు. ఉత్త గుడ్డను సంచిలో దూర్చి కుట్టాడు. లింబాద్రి పటాన్ని గోనె పట్టాల కింద పెట్టి, ఆ రాత్రే ఇంటికి చేరవేసి, వేపాకు వేసి ఇనప పెట్టెలో దాచాడు.

కుట్టిన సంచి వాకిట్లోకి తెచ్చి ఇస్తే ఓదెలు రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకున్నాడు. ఐలేష్ పక్కకు చూశాడు.

మర్నాడు మంథని దగ్గర గోదావరి. పొద్దున తొమ్మిదింటికే ఎండ చురుక్కుమంటోంది. ఓదెలు గుండు గీయించుకున్నాడు. కన్నతండ్రి పోయినప్పుడు చేసినవన్నీ చేశాడు. డప్పు మోగుతుంటే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, సంచిని పసిబిడ్డను దించినట్టు దించాడు.

"నాయినా, మా తాతను సాకినవ్, మా నాయినను సాకినవ్, నన్ను సాకినవ్. నీ మీద కట్టె ఆనిచ్చి బతికినం. తప్పులేమన్నుంటే మనసుల పెట్టుకోకు," అని వలవలా ఏడ్చాడు. ఒడ్డున అతని భార్య కొంగు నోట్లో కుక్కుకుంది.

ఐలేష్‌కు అప్పుడు తెలిసింది తాను ఏం చేశాడో. ఉత్త సుద్ద గుడ్డకు ఆ మనిషి తండ్రి అని దండం పెడుతున్నాడు.

ఏడుపు ఆపుకుని ఓదెలు నీళ్ళవైపు వంగి చూశాడు. చూసి, ఇంకా వంగాడు. డప్పు ఆపమని చెయ్యెత్తాడు.

"బాపూ," అన్నాడు ఒడ్డున ఉన్న వీరమల్లయ్యతో. "ఎర్రగైతలేవేంది?"

"ఏందయ్యా?"

"నీళ్ళు. మా తాత పటం కలిపిన్నాడు గంగ ఎర్రబారిందట. మా నాయిన చెప్పిండు. ఎర్రబారితే గంగమ్మ తీసుకున్నట్టు, తప్పులన్నీ కడిగినట్టు. ఇదేంది బాపూ, తెల్లగొస్తున్నది? బియ్యం కడిగిన నీళ్ళ లెక్క..."

ఆ సంగతి ఐలేష్‌కు తెలియదు. పదిహేనేళ్ళలో అతను ఎప్పుడూ నది దాకా రాలేదు. పటంలో బొమ్మల వెనక నేలంతా ఇంగిలీకం ఎరుపు. పాత బంక నానితే ఆ ఎరుపు నీళ్ళలోకి దిగకుండా ఎక్కడికి పోతుంది? సుద్దయితే తెల్లగానే దిగుతుంది. ఇది పనివాడికి తట్టాల్సిన సంగతి, తట్టలేదు.

వీరమల్లయ్య నీళ్ళకేసి చూశాడు. ఆ తర్వాత ఐలేష్‌కేసి చూశాడు. ఎంతసేపో కాదు, రెప్పపాటు.

"మా వల్ల ఏమన్న తప్పయిందా బాపూ? మా నాయినకు నేనేమన్న..." ఓదెలు రెండు చేతులూ జోడించాడు. అతని భార్య ఒడ్డున కూలబడిపోయింది.

"ఆగు ఓదెలూ. పాత బంక. మెల్లగ నానాలె గద," అన్నాడు వీరమల్లయ్య. పంచె ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. మోకాళ్ళు సహకరించని మనిషి, తడుముకుంటూ, రాయి రాయికీ ఆగుతూ ఓదెలును దాటి లోతుకు పోయాడు. అందరికీ వీపు పెట్టి, సంచిని ప్రవాహంలోకి నెడుతున్నట్టు వంగాడు.

పాతది వెళ్ళాక కొత్త పటానికి నది ఒడ్డునే బొట్టు పెట్టి కళ్ళు తెరిపించాలి. అందుకోసం ఆయన బొడ్లో ఇంగిలీకం పొట్లం ఒకటి తెచ్చుకున్నాడు. ఐలేష్ ఒడ్డు వాలుగా నిలబడ్డాడు కాబట్టి అతనొక్కడికే కనిపించింది. గురువు కుడిచెయ్యి బొడ్లోకి పోయింది, నీళ్ళలోకి పోయింది, పిడికిలి విప్పుకుంది.

నీళ్ళు ఎర్రబారాయి. సంచి చుట్టూ, ఆయన తొడల చుట్టూ, కిందికి పారుతూ ఓదెలు కాళ్ళ దాకా వచ్చాయి.

"నాయినా!" అని ఓదెలు నీళ్ళలోనే సాగిలపడ్డాడు. డప్పు మళ్ళీ అందుకుంది. ఓదెలు భార్య ఏడుస్తూ నవ్వింది.

వీరమల్లయ్య ఒడ్డుకు వచ్చి కొత్త పటం ముందు కూర్చున్నాడు. పొట్లంలో రంగు లేదు. అరచేతి గీతల్లో ఇరుక్కున్న ఎరుపును వేలికొసతో తీసి, దేవి నుదుట బొట్టు పెట్టాడు. ఆ వేళ మాత్రం ఆయన చెయ్యి వణికింది.

చేర్యాల వచ్చేదాకా బస్సులో గురువూ శిష్యుడూ ఒకే సీట్లో కూర్చున్నారు. గురువు కోపంగా ఉన్నట్టు లేడు. దిగేటప్పుడు, "రేపు పొద్దున జర జల్ది రా, చింతగింజలు నానబెట్టాలె," అన్నాడు అంతే.

తిడతాడని ఐలేష్ రోజూ ఎదురుచూశాడు. చెంప మీద కొట్టినా బాగుండును. గురువు ఎప్పటిలాగే పని చెప్పాడు, ఎప్పటిలాగే చాయ్ సగం పోసి ఇచ్చాడు. ఒక్కటే మారింది. లింబాద్రి సారు ముచ్చట ఆయన నోటి నుంచి రావడం ఆగిపోయింది. అంతకుముందు రోజుకు పదిసార్లు వచ్చేది.

ఓ ఆదివారం ఐలేష్ ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టె తెరిచి పటాన్ని దండెం మీద విప్పాడు. పులి ఉంది, రుషి ఉన్నాడు, దేవి కళ్ళు ఉన్నాయి. అన్నీ ఉన్నాయి. మాడ్రిడ్‌లో మనుషులు నిలబడ్డట్టే చేతులు కట్టుకుని దాని ముందు నిలబడ్డాడు. ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలియలేదు. కథ అతనికీ వచ్చు, చిన్నప్పటి నుంచీ విన్నదే. నోరు తెరిచి రెండు మాటలు పాడబోయాడు. సిగ్గేసి మళ్ళీ చుట్టేశాడు.

శివరాత్రి దాటాక ఓదెలు వచ్చాడు. ఈ ఏటి కథలు బాగా సాగాయట. గురువుకు ధోవతి, ఐలేష్‌కు తువ్వాల తెచ్చాడు.

"కుట్టింది నువ్వే గద తమ్మీ, నీ చేతి పుణ్యం గూడ ఉన్నది," అని తువ్వాల ఐలేష్ భుజాన వేశాడు. గురువు వైపు తిరిగి, "బాపూ, ఇప్పుడు కథ మొదలువెట్టంగనే అదే చెప్తున్న. మా పాత పటం పోయిన్నాడు గంగ ఎట్ల ఎర్రబారిందో చెప్తున్న. ముసలోళ్ళు లేసి నిలవడి దండం పెడుతున్నరు. మా పోరగాళ్ళకు గూడ నేర్పిచ్చిన. నా తర్వాత ఆళ్ళు చెప్తరు," అన్నాడు.

"మంచిది ఓదెలూ," అన్నాడు వీరమల్లయ్య. తల వంచుకుని నూరుతున్న రంగునే చూస్తున్నాడు. గవ్వల తెలుపు అది. అప్పటికే మెత్తగా అయిపోయింది, అయినా నూరుతూనే ఉన్నాడు.

ఇక ఐలేష్‌కు అన్ని దారులూ మూసుకుపోయాయి. హైదరాబాద్ తీసుకుపోయి ఏ మ్యూజియానికైనా ఇద్దామంటే, ఎక్కడిది, ఎవరిది అని మొదటే అడుగుతారు. పేపర్లో బొమ్మ వేస్తారు. ఓదెలు ఆ పటాన్ని కళ్ళు మూసుకుని కూడా గుర్తుపడతాడు. పోనీ ఓదెలు కాళ్ళ మీద పడి ఒప్పుకుందామా? ఒప్పుకుంటే తన అబద్ధం ఒక్కటే బయటపడదు. ముసలాయన నీళ్ళలో విప్పిన పిడికిలి కూడా బయటపడుతుంది. డెబ్బై ఆరేళ్ళలో రంగుతో ఎవరినీ మోసం చేయని మనిషి.

చివరికి ఒకనాడు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, పటాన్ని దుప్పట్లో చుట్టి గురువు ఇంటికి తెచ్చాడు. కనీసం ఆయనైనా చూడాలి. పదహారేళ్ళప్పుడు రంగులు నూరిన పటం. చచ్చేలోపు ఒక్కసారి కళ్ళారా చూసుకుంటే, చేసిన పాపంలో ఆ కాస్తయినా పనికొచ్చినట్టు.

వీరమల్లయ్య ఒక్కడే ఉన్నాడు. ఐలేష్ దుప్పటి తీసి పటాన్ని ఆయన ముందు పెట్టాడు. తాడు విప్పలేదు.

"ఏంది బిడ్డా అది?"

"పటం తాతా. లింబాద్రి సారు... ఓదెలన్నోళ్ళ పటం."

వీరమల్లయ్య చుట్టిన పటం అంచువైపు చూశాడు. అక్కడ జానెడు ఎరుపు బయటికి కనిపిస్తోంది. ఆయన చెయ్యి దాని మీదికి సగం దాకా వచ్చింది. అక్కడే ఆగింది. మెల్లగా వెనక్కి పోయి ఒళ్ళో పడింది. ఆయన కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు.

"ఓదెలోళ్ళ పటం గంగల కలిసింది గద బిడ్డా," అన్నాడు. "నీళ్ళు ఎర్రబారినయ్. నేను ఆడనే ఉన్న."

"తాతా, ఒక్కసారి. ఒక్కసారి విప్పి సూడు. నీ కాళ్ళు మొక్కుత."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"మరి నేనేం చెయ్యాలె తాతా?" అని ఏడ్చాడు ఐలేష్.

"దాసుకున్నవ్ గద," అన్నాడు వీరమల్లయ్య. గొంతులో కోపం లేదు, జాలి ఉంది. "ఇగ దాసుకో."

ఐలేష్ పటాన్ని మళ్ళీ దుప్పట్లో చుట్టి ఎత్తుకుని బయటికి వచ్చాడు. కళ్ళు చెదిరే ఎండ. పక్కింటి రాజవ్వ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. భుజం మీది బరువు చూసి తల ఎత్తింది.

"ఏం పటం పోరగా అది? గంత పెద్దగున్నది."

"పటం గాదవ్వా," అన్నాడు ఐలేష్. "ఉత్త గుడ్డ."